తోడు వేరు, నీడ వేరు
(వయోవృద్ధులు, వారి కుటుంబ సభ్యులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



అనకాపల్లి పురవాసుల ఇలవేల్పు నూకాంబిక అమ్మవారికి ముందుగా ప్రణామాలు. 

నేడు నాకు అప్పగించిన విషయం మలివయసులో నివాసం, సంరక్షణ. ఇది కేవలం లౌకిక విషయమని కొందరికి తోచవచ్చు. కాని చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యునికి తల్లిని, తండ్రిని దైవాలుగా భావించమని ఉపదేశించిన తైత్తిరీయోపనిషత్తు మనది. ఆ దైవాలు చివరి రోజులలో ఎక్కడ ఉండాలి, ఎవరి చేతి నీళ్లు తాగాలి అన్నది దేవాలయంలో మాట్లాడుకోదగిన విషయమే.

మన భాషలో 'తోడునీడ' అని ఒక చక్కని మాట ఉన్నది. వయసులో ఉన్నంతకాలం ఆ రెండూ ఒక్కటిగానే కనిపిస్తాయి. ఇల్లు ఉన్నచోట మనుషులు ఉంటారు. వృద్ధాప్యంలో ఆ రెండు మాటలు విడిపోతాయి. నీడ అంటే ఇల్లు, గది, మంచం. తోడు అంటే లేవలేనప్పుడు లేపే చేయి. నీడను డబ్బుతో కొనవచ్చు, కొడుకు కట్టించవచ్చు, ప్రభుత్వం కల్పించవచ్చు. తోడు సంగతి విడిగా విచారించకపోతే నీడ ఎంత చల్లనిదైనా ప్రయోజనం లేదు. నేను ఈరోజు చెప్పదలచినది ఈ ఒక్క మాటే. మిగిలినదంతా దానికి వివరణ.

మన ఊరి సంగతి

చెరకు తోటలు, బెల్లం వంటలు ఈ ప్రాంతపు కుటుంబాలను కట్టి ఉంచిన కాలం ఒకటి ఉండేది. చెరకు నరికే రోజులలో, బెల్లం వండే రోజులలో ఇంటిల్లిపాదికీ పని. ముసలి తాత పాకం చూసి పదును చెప్పేవాడు. మామ్మ మనుమలను చూసుకొనేది. వారికి వేరుగా తోడు వెదకవలసిన అవసరం కలగలేదు. పని ఉన్నచోటే మనుషులు ఉన్నారు.

ఇప్పుడు పిల్లలు అచ్యుతాపురం, పరవాడ కర్మాగారాలలో షిఫ్టులు చేస్తున్నారు. విశాఖపట్నంలో, హైదరాబాదులో, బెంగళూరులో స్థిరపడ్డారు. సముద్రాలు దాటినవారూ ఉన్నారు. ఇది వారి తప్పు కాదు. చదివించి పంపినది మనమే. 2011 జనగణన నాటికే దేశంలో 60 ఏళ్లు దాటినవారు సుమారు 10 కోట్ల 40 లక్షల మంది. కనుక ఇది ఒక ఇంటి కథ కాదు, ఒక ఊరి కథ అంతకన్నా కాదు.

పెద్దలు చూపిన దారులు

మహాభారతంలో ఆశ్రమవాసిక పర్వం చాలామంది చదవరు. యుద్ధం ముగిసిన తరువాత ధృతరాష్ట్రుడు ధర్మరాజు సంరక్షణలో పదిహేనేళ్లు ఉన్నాడు. రాజభవనం, పరిచారకులు, మృష్టాన్నం, దేనికీ లోటు లేదు. ధర్మరాజు ఆదరణలోనూ లోపం లేదు. అయినా భీముడు చాటుగా వినిపించే పరుష వాక్యాలు ఆ వృద్ధుని మనసును కోసివేశాయి. చివరకు ఆయన అడవికి బయలుదేరాడు. వెంట గాంధారి, విదురుడు, సంజయుడు వెళ్లారు. కొడుకులు రాజ్యమేలుతున్నా, వారెంత వేడుకొన్నా ఆగకుండా కుంతీదేవి కూడా వెళ్లింది. కళ్లులేని బావగారికి, కళ్లకు గంతలు కట్టుకొన్న తోడికోడలికి సేవ చేయడానికి వెళ్లింది. హస్తినాపురంలో దొరకని మనశ్శాంతికోసం ఆ వృద్ధుడు పర్ణశాలను ఎంచుకొన్నాడు. ఆ పర్ణశాలలో కుంతి రూపంలో తోడు దొరికింది. భవనం గొప్పదా, కుటీరం గొప్పదా అని తూచేవారు ఈ ఘట్టాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి.

వానప్రస్థం కూడా మన ధర్మశాస్త్రాలు చెప్పినదే. తల నెరిసి, మనుమడిని చూసిన గృహస్థు ఇల్లు విడిచి వెళ్లవచ్చునన్నారు. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. వెళ్లాలన్న నిర్ణయం ఆ పెద్దదే. కాళ్లలో సత్తువ, బుద్ధిలో తెలివి ఉన్నప్పుడే ఆయన ఆ నిర్ణయం తీసుకొంటాడు. ఎవరో తీసుకువెళ్లి దింపి రావడం వానప్రస్థం కాదు. కనుక వేరే నివాసానికి వెళ్లడం అవమానం అనే భావన మన సంప్రదాయంలోనిది కాదు. అడగకుండా పంపడమే అవమానం.

మూడవ దారి మన ఊరి పక్కనే ఉన్నది. శంకరం గ్రామం వద్ద బొజ్జన్నకొండ మీద క్రీస్తుశకం 4 నుండి 9 శతాబ్దాల మధ్య బౌద్ధ భిక్షువులు నివసించిన ఆరామం ఆనవాళ్లు ఉన్నాయి. వరుసగా గదులు, మధ్య ఉమ్మడి స్థలం. ఇల్లు విడిచినవారు కలిసి బతకడానికి కట్టుకొన్న నివాసం అది. బౌద్ధుల వినయ పిటకంలో ఒక కథ ఉన్నది. అతిసారంతో ఒక భిక్షువు తన మలంలోనే పడి ఉన్నాడు. చుట్టూ తోటి భిక్షువులు ఉన్నా ఎవరూ పలకరించలేదు. బుద్ధుడు ఆనందునితో కలిసి స్వయంగా అతనికి స్నానం చేయించి మంచం మీద పడుకోబెట్టాడు. తరువాత భిక్షువులను పిలిచి, తల్లిదండ్రులను విడిచి వచ్చిన మీరు ఒకరినొకరు చూసుకోకపోతే మిమ్మల్ని చూసేదెవరని మందలించాడు. పది గదులు పక్కపక్కన ఉన్నంత మాత్రాన సంరక్షణ కలగదని ఈ కథ తెలుపుతుంది. సేవ చేయవలసినవాడు ఎవరో ముందే తేలాలి.

ఏయే నివాసాలు ఉన్నాయి?

ఇప్పుడు నేటి కాలపు మార్గాలను వరుసగా చూద్దాం.

మొదటిది సొంత ఇల్లు. పిల్లలతోగాని, దంపతులుగాగాని, ఒంటరిగాగాని ఉండడం. చాలామంది కోరుకొనేది ఇదే. అయితే ముప్పై ఏళ్లనాడు కట్టిన ఇల్లు డెబ్బై ఏళ్ల కాళ్లకు అనువుగా ఉండదు. స్నానాలగది గోడకు పట్టుకొనే కమ్మి, జారని నేల, కుర్చీలా కూర్చొనే మరుగుదొడ్డి, మంచం నుండి అక్కడికి రాత్రంతా వెలిగే చిన్న దీపం కావాలి. ఎత్తు గడప దగ్గర చిన్న వాలు చేయించాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చుతో, పడే బాధతో పోల్చి చూడండి. ఇంటికి వచ్చి సేవచేసే మనిషిని పెట్టుకొంటే ఆమె గుర్తింపు పత్రాలు చూసి, పోలీసు విచారణ చేయించి, రానిరోజు ఎవరు వస్తారో ముందే మాట్లాడుకోవాలి.

రెండవది పగటి కేంద్రం. ఉదయం వెళ్లి, తోటివారితో కాలక్షేపం చేసి, సాయంత్రం ఇంటికి రావడం. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లకు ఇది చక్కని మార్గం. పట్టణానికి ఇలాంటివి ఇంకా ఎన్నో కావాలి.

మూడవది ఉచిత వృద్ధాశ్రమం. నిరుపేదలైన, దిక్కులేని పెద్దలకోసం నడిచేది. కేంద్ర ప్రభుత్వ పథకం కింద స్వచ్ఛంద సంస్థలకు ఇరవై ఐదుగురు నివాసితుల ప్రమాణంతో గ్రాంటు అందుతుంది. ఇదే పథకంలో మతిమరుపు వ్యాధిగ్రస్తులకు, నిరంతర సంరక్షణ అవసరమైనవారికి వేరే తరగతి నివాసాలను నిర్దేశించారు. నీడ వేరు, తోడు వేరు అని ప్రభుత్వమే గుర్తించిందన్నమాట.

నాలుగవది నెలసరి రుసుము తీసుకొనే ఆశ్రమం. గది, భోజనం, వారానికోసారి వైద్యుడు. పింఛనుదారులు ఎక్కువగా చేరేది వీటిలోనే.

అయిదవది కోయంబత్తూరు, చెన్నై, బెంగళూరు, హైదరాబాదు వంటి నగరాల చుట్టుపక్కల వెలసిన వయోవృద్ధుల కాలనీలు. చిన్న ఇల్లు లేదా ఫ్లాట్ కొనవచ్చు, లీజుకు తీసుకోవచ్చు, లేదా తిరిగి ఇచ్చే డిపాజిట్ కట్టి ఉండవచ్చు. ఉమ్మడి భోజనశాల, గుడి, తోట, అంబులెన్సు ఉంటాయి. తమ పనులు తాము చేసుకోగలవారికి ఒక విభాగం, స్నానానికి, బట్టలకు సాయం కావలసినవారికి మరో విభాగం, మతిమరుపు వ్యాధి ఉన్నవారికి ఇంకో విభాగం, మంచంపట్టినవారికి నర్సింగు విభాగం ఉంటాయి. అన్ని కాలనీలలోనూ ఈ నాలుగూ ఉండవు. మొదటి విభాగం మాత్రమే కట్టి, మిగిలినవి రాబోతున్నాయని చెప్పేవీ ఉంటాయి.

ఇక్కడ కొనుగోలుదారులు తెలుసుకోవలసినది మరొకటున్నది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదైన ప్రాజెక్టు అయితే నిర్మాణం విషయంలో మీకు రక్షణ ఉంటుంది. నమోదు సంఖ్య అడిగి సరిచూసుకోండి. కాని రెరా ప్రధానంగా గోడలకు, గడువుకు సంబంధించినది. రోజువారీ సేవకు కాదు. అందుకే 2019లో కేంద్ర గృహనిర్మాణ శాఖ విశ్రాంత నివాసాలకు నమూనా మార్గదర్శకాలు వెలువరించి, కట్టినవారు, సేవలందించేవారు, కొన్నవారు ముగ్గురూ ఒప్పందంలో ఉండాలని సూచించింది. అవి రాష్ట్రాలకు నమూనా మాత్రమే. అయినా అటువంటి ఒప్పందం అడగడానికి మీకు ఏ అడ్డూ లేదు.

అడగవలసిన ప్రశ్న

ఏ నివాసం చూడడానికి వెళ్లినా ముందు గది చూపిస్తారు, తోట చూపిస్తారు, వంట రుచి చూపిస్తారు. అన్నీ చూడండి. తరువాత ఒక్క ప్రశ్న అడగండి: "నేను మంచాన పడితే ఏం చేస్తారు?"

చాలా ఆశ్రమాలు తమ పనులు తాము చేసుకోగలవారినే చేర్చుకొంటాయి. అది దాచవలసిన విషయం కాదు, వారి శక్తి అంతే. కాని ఆ నియమం చేరేరోజున తెలియక, పక్షవాతం వచ్చిన రోజున తెలిస్తే ఆ కుటుంబం ఏమవుతుంది? "పది రోజులలో తీసుకువెళ్లండి" అన్న కబురు వచ్చేనాటికి ఊరిలో ఇల్లు అమ్మేసి ఉంటారు. కొడుకు మరో దేశంలో ఉంటాడు.

మంచంపట్టిన మనిషికి ఒంటిమీద పుండ్లు పడకుండా ఉండాలంటే సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. రాత్రి 8 నుండి ఉదయం 8 వరకు ఆరుసార్లు. ఆ ఆరుసార్లు లేచే మనిషి ఎవరు? ఆమె పేరేమిటి? ఒక్కామె ఎంతమందిని చూస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన చోట తోడు ఉన్నట్టు. "అప్పుడు చూద్దాం" అన్న చోట నీడ మాత్రమే ఉన్నట్టు.

దీనితోపాటు మరికొన్ని కాగితం మీద ఉండాలి. డిపాజిట్ ఎంత, ఎన్ని రోజులలో తిరిగి ఇస్తారు? నెలసరి రుసుము ఏటా ఎంత పెంచుతారు? ఆసుపత్రి ఖర్చు ఎవరిది? దంపతులలో ఒకరు కాలం చేస్తే రెండవవారు అదే గదిలో ఉండవచ్చా? బంధువులు ఎప్పుడు రావచ్చు? చివరి క్షణాలలో ఎవరిని పిలవాలి, అంత్యక్రియలు ఏ పద్ధతిలో, ఎవరి చేతుల మీదుగా జరగాలి? ఈ చివరి ప్రశ్న అడగడానికి పిల్లలకు నోరు రాదు. కనుక పెద్దలే రాసి ఇవ్వడం మేలు.

ఇల్లు రాసిచ్చే ముందు

ఇది చెప్పకుండా ముగిస్తే నా బాధ్యత నెరవేరదు. మన ప్రాంతంలో పెద్దలు బతికుండగానే ఇల్లు, పొలం పిల్లల పేరిట దాన దస్తావేజుగా రాసిచ్చే అలవాటు ఎక్కువ. ప్రేమతో రాస్తారు. కాని దానం రిజిస్టరు అయిన మరుక్షణం ఆస్తి చేయి దాటిపోతుంది. వీలునామా అలా కాదు. బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ఒక రక్షణ ఇచ్చింది. తమను పోషించాలన్న షరతుపై ఆస్తి ఇచ్చి, తీసుకొన్నవారు ఆ మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. ఆ షరతు ఉన్నదని చూపాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో, ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా అన్వయించాలని చెబుతూ, మాట తప్పిన కుమారుని నుండి ఒక తల్లికి ఆస్తిని తిరిగి ఇప్పించింది. మనకు పాఠం సులభమైనది. రాసివ్వదలచుకొంటే షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. ఇంకా మంచిది, తోడు సంగతి తేలేవరకు నీడను చేజార్చుకోకండి.

పిల్లలు పోషించకపోతే ఇదే చట్టం కింద రెవెన్యూ డివిజన్ స్థాయిలోని ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మన జిల్లాలో అనకాపల్లి, నర్సీపట్నం రెండూ రెవెన్యూ డివిజన్ కేంద్రాలే. నెలకు ₹10,000 వరకు పోషణ ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉన్నది. బిడ్డలు లేనివారు తమ ఆస్తికి వారసుడు కాబోయే బంధువు నుండి పోషణ కోరవచ్చు. తాము వెళ్లలేకపోతే మరొకరి ద్వారా దరఖాస్తు పంపవచ్చు. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండే ఆశ్రమం క్రమంగా ఏర్పరచాలన్న మాట కూడా ఈ చట్టంలో ఉన్నది. మన జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. కొత్త జిల్లాలో ఆ మాటను గుర్తుచేయవలసినవారిలో మనమూ ఉన్నాం.

ఆసరాగా నిలిచే మరికొన్ని ఏర్పాట్లు చెబుతాను. ఆపదలో ఉన్న పెద్దలు, వారిని చూసిన ఇరుగుపొరుగు 14567 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. అర్హులైన వృద్ధులకు రాష్ట్ర ప్రభుత్వం 2024 జూలై నుండి నెలకు ₹4,000 పింఛను ఇంటివద్దనే అందిస్తున్నది. పక్షవాతం వంటి కారణాలతో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి అది ₹15,000. వివరాలు సచివాలయంలో తెలుస్తాయి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా కుటుంబానికి ₹5 లక్షల వరకు చికిత్స కల్పించే కేంద్ర పథకం 2024 అక్టోబరులో మొదలయింది. కార్డు ముందుగా తీసుకొని ఉంచండి. ఆసుపత్రి గుమ్మంలో నిలబడి వెదకవద్దు.

దాతలకు ఒక విన్నపం

అన్నదానం మన రక్తంలో ఉన్నది. పుట్టినరోజున, పెళ్లిరోజున, పితృదేవతల తిథినాడు ఆశ్రమంలో భోజనం పెట్టించే పుణ్యాత్ములకు లోటు లేదు. ఆదివారం నాడు రెండు కుటుంబాలవారు ఒకేసారి స్వీట్లు తెచ్చి, మధుమేహం ఉన్న పెద్దలకు పంచలేక నిర్వాహకులు చిక్కుపడే సందర్భాలూ ఉంటాయి. అన్నం పెట్టవద్దనడం నా ఉద్దేశం కాదు. అన్నం తరువాత ఏమి కావాలో అడగండి.

మంచంపట్టినవారికి గాలిపరుపు కావాలి. పెద్దల డైపర్లు నెలనెలా కావాలి. వాకర్లు, చక్రాల కుర్చీలు కావాలి. అన్నింటికన్నా మించి, రాత్రి ఆరుసార్లు లేచే ఆ ఆయమ్మకు జీతం కావాలి. ఆ జీతానికి శిలాఫలకం ఉండదు, ఫోటో ఉండదు. కాని తెల్లవారుజామున మూడు గంటలకు ఒక ముసలి తల్లి పక్క మారుస్తున్న ఆ చేయి నిజానికి దాత చేయే. కుంతీదేవి స్వయంగా చేసిన సేవను మనం మరొకరి చేతుల ద్వారా చేయిస్తున్నామన్నమాట. నలుగురు దాతలు కలిసి ఏడాదికి ఒక రాత్రి సేవకురాలి జీతం భరిస్తే, ఆ ఆశ్రమం "మంచాన పడితే తీసుకువెళ్లండి" అన్న నియమాన్ని తీసివేయగలుగుతుంది. ఒక గది కట్టించడంకన్నా అది చిన్న దానం కాదు.

పిల్లలకు చెప్పేది ఒక్కటే. అమ్మానాన్నలను ఎక్కడ ఉంచాలని మీలో మీరు చర్చించుకోకండి. వారిని కూర్చోబెట్టి, ఎక్కడ ఉండాలని ఉన్నదో వారినే అడగండి. జవాబు మీకు అసౌకర్యంగా ఉండవచ్చు. అయినా అడగండి.

పెద్దలకూ ఒక్కటే మనవి. కాళ్లు ఆడుతున్నప్పుడే, మాట చెల్లుతున్నప్పుడే ఈ సంగతులు తేల్చుకోండి. ఈ నెలలోనే ఒక కాగితం మీద మూడు విషయాలు రాయండి: నేను ఎక్కడ ఉండదలచుకొన్నాను, లేవలేని రోజున నన్ను చూసేది ఎవరు, దానికి డబ్బు ఎక్కడిది. రెండవ ప్రశ్న దగ్గర కలం ఆగితే, ఆలోచించవలసినది అక్కడే.

అమ్మవారి కరుణ అందరికీ తోడుగా, నీడగా ఉండుగాక.

స్వస్తి.